ఏడో పీపా

"ఆరు పీపాలే! ఆరింటికీ అదే మాట!"

క్లిఫర్డ్ వంటింటి బల్ల మీద అరచేత్తో చరిచాడు. తరిగి పెట్టిన ఉల్లిపాయ ముక్కలు ఎగిరి కిందపడ్డాయి.

"చెవులు పనిచేస్తున్నాయా నీకు? నాది కాదు, నాది కాదు అని ఆ మనిషి సగం నోటితో మొత్తుకుంటున్నాడు. ఇంకా ఎవరొచ్చి చెప్పాలి? చాపెల్ నుంచి పాస్టరు గారు రావాలా?"

నోరా కిందపడ్డ ముక్కలు ఏరి చెత్తలో వేసి ఇంకో ఉల్లిపాయ అందుకుంది. పదకొండింటికి వాళ్ల పబ్బు లాంగ్ లింక్ తలుపులు తీయాలి. శనివారం వచ్చే ముసలివాళ్లకి జున్నూ ఉల్లిపాయా పెట్టిన బన్ను లేకపోతే ఊరుకోరు.

"మాట్లాడవేం?"

"ఇవాళ ఏడోది తెరుస్తున్నాం కదన్నయ్యా. ఒక్క గంట ఆగలేవా?"

"నాలుగు నెలలు ఆగాను."

అది అబద్ధం కాదు. ఐజాక్ రేబౌల్డ్‌కి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయి నాలుగు నెలలైంది. అప్పటి నుంచీ ఆయన బార్‌కి సరిగ్గా పైనున్న గదిలో మంచం మీదే ఉన్నాడు. మంచానికి ఆనించి ఒక చేతికర్ర ఉంటుంది. ఏదైనా కావాలంటే ఎడమ చేత్తో దాన్ని నేలకేసి కొడతాడు, కింద బార్‌లో అందరికీ వినబడుతుంది.

నెదర్టన్‌లో ఇనప గొలుసులు చేసేవాళ్ల గొంతులు నలభై ఏళ్లపాటు తడిపింది ఆయన కాచిన మైల్డ్ అనే నల్ల బీరు. గ్లాసులో చూస్తే తారులా నల్లగా ఉంటుంది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అడుగున కెంపు రంగు కదులుతుంది. తలకెక్కదు. కొలిమి ముందు పొద్దస్తమానం కాగిన మనిషి ఎనిమిది పింటు గ్లాసులు పట్టించినా తిన్నగా ఇంటికి నడిచి వెళ్లి పెళ్లాంతో తిట్లు తినగలడు. అలాంటి బీరును పెరట్లోనే కాచుకునే పబ్బులు ఈ చుట్టుపక్కల వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

పదకొండేళ్లు తండ్రి పక్కన నిలబడి కాచడం నేర్చుకుంది నోరా. అదే బావి నీళ్లు, అదే మాల్టు, తరతరాలుగా దాచుకొస్తున్న అదే ఈస్టు. అయినా ఆమె కాచినదాన్ని ముసలివాళ్లు సగం తాగి గ్లాసు పక్కకి నెట్టేస్తున్నారు. "బాగానే ఉందమ్మాయ్, కానీ పెద్దాయన బీరు కాదు" అంటారు. అని ఊరుకోరు, నిట్టూరుస్తారు కూడా. ఆ నిట్టూర్పు నోరాకి పుండు మీద కారం చల్లినట్టుంటుంది.

కొత్త పీపా తెరిచిన రోజు మొదటి గ్లాసు పైకి వెళ్లాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. ఐజాక్ ఒక గుక్క నోట్లో పోసుకుని, కాసేపు ఉంచుకుని, మింగి, వంకర తిరిగిన మూతితో రెండు మాటలు కూడదీసుకునేవాడు. "మంచిదే. నాది కాదు."

మొదటి మాటని ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు గీసిన బొమ్మ చూసి పెద్దవాళ్లు అనే మాటలాంటిదే అది అనుకుంది నోరా. రెండో మాట మాత్రం మెట్లు దిగి, వంటిల్లు దాటి, బార్ అంతా తిరిగింది.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర అన్నాచెల్లెళ్లు ఇలాగే కీచులాడుకుంటూ ఉండగా నోరా నోరు జారింది. "ఏడోది కూడా నాన్న కాదంటే బీరు కాచే ఆ రాగి బానకి నేనే తాడు కట్టి లారీ ఎక్కిస్తా" అంది. క్లిఫర్డ్‌కి అంతకన్నా ఏం కావాలి? స్టీలు ఫ్యాక్టరీ మూతపడ్డాక రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. పెరట్లో బీరు కాచడం ఆపేసి, పట్నం కంపెనీ డబ్బా బీరు తెచ్చి పంపుకి తగిలిస్తే పబ్బు తను నడపొచ్చని అతని ఆలోచన. సోమవారం పొద్దున్నే లారీ వస్తుందని చెప్పేశాడు.

"అమ్మా, నువ్వైనా చెప్పవే దీనికి" అన్నాడు క్లిఫర్డ్.

బ్యూలా పొయ్యి దగ్గర బఠాణీల్లో పంది మాంసం ముక్కలు వేసి కలుపుతోంది. "అడుగంటుతోంది" అంది.

"ఏంటి?"

"బఠాణీలురా. పక్కకి జరుగు."

ఆవిడ అంతే. ఇంటికి నిప్పంటుకున్నా ముందు పొయ్యి మీద గిన్నె దించి తరవాత నీళ్లకోసం వెళ్తుంది.

"ఈసారి కుదిరిందన్నయ్యా" అంది నోరా మెల్లగా. "పొద్దున్న ఏడింటికి బిరడా కొంచెం వదులు చేసి రుచి చూశాను. బ్రెడ్డు అంచు మాడినప్పటి వాసన, చివర్లో కొంచెం మాడు బెల్లం రుచి, నాలుక మీద జిగట లేదు. నేను కాచినవాటిల్లో ఇదే మంచిది."

"నువ్వు కాచినవాటిల్లో! అదే చెప్పేది నేను. ఎవడికి కావాలే నువ్వు కాచింది?"

ఆ మాటకి నోరా చేతిలో కత్తి ఆగింది.

బ్యూలా గరిటె పక్కన పెట్టి, గోడవారనున్న ఎనామిల్ బకెట్ తీసుకుంది. దాని మీద తడిబట్ట కప్పి ఉంది.

"ఎక్కడికమ్మా?"

"నేలమాళిగ కడిగొస్తా."

"నిన్ననే కడిగాను కదా."

"మళ్లీ కడుగుతా. నువ్వు తలుపులు తీసుకో. నాన్నకి గ్లాసు నేనే పట్టుకొస్తాలే."

నాలుగు నెలల్లో తల్లి ఆ మాట అనడం అదే మొదటిసారి. అమ్మ తన పక్షాన నిలబడుతోందనుకుని నోరా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆశ మనిషిని అంత పిచ్చిదాన్ని చేస్తుంది.

*

పదకొండున్నరకి ముగ్గురూ ఐజాక్ గదిలో ఉన్నారు. బయట పొగమంచు ఇంకా విడవలేదు, కాలువ గట్టు మీద దీపస్తంభం కూడా కనబడటం లేదు. క్లిఫర్డ్ తలుపుకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. నోరా తండ్రి వీపు వెనక రెండో దిండు సర్దింది.

బ్యూలా గ్లాసు ఆయన ఎడమ చేతికిచ్చి వేళ్లు దాని చుట్టూ తనే మూసింది. తరవాత కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఐజాక్ ముందు వాసన చూశాడు. ఎప్పుడూ అలాగే చూస్తాడు, కానీ ఈసారి ముక్కు గ్లాసు దగ్గరే ఉండిపోయింది. ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు.

నోరా మనసులో మాట ముందే సిద్ధం చేసి పెట్టుకుంది. సరేలే నాన్నా, నువ్వు బెంగపెట్టుకోకు. అలా అని కిందకి వెళ్లిపోవాలి, వీళ్ల ముందు ఏడవకూడదు.

ఆయన రెండో గుక్క తాగాడు. మూడోది తాగాడు. మూతి కుడివైపు నుంచి కొంత కారి చొక్కా మీద పడింది. తుడవబోతే తల పక్కకి తిప్పుకున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా దించలేదు.

"నాదే" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"నాదే." కళ్ల నుంచి నీళ్లు దిండు మీదికి జారుతున్నాయి.

నోరా మోకాళ్ల మీద కూలబడి ఆయన పని చెయ్యని చేతిని ముఖానికి ఆనించుకుంది. క్లిఫర్డ్ మెట్ల మీద దడదడమని చప్పుడు చేసుకుంటూ దిగిపోయాడు. బ్యూలా కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. ఐజాక్ కూతురి వైపు చూడటం లేదని, బ్యూలా వీపు వైపు చూస్తున్నాడని నోరా గమనించింది. గమనించినా ఆ క్షణంలో ఎవరికి కావాలి అది!

*

కిందకి వచ్చేసరికి క్లిఫర్డ్ కొత్త పీపాలోది అందరికీ పట్టి ఇచ్చేశాడు, బార్‌లో గోల గోలగా ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ల హొరేస్ విల్లెట్స్, ఓడల లంగర్లకి గొలుసులు చేసి చేసి ముంజేతుల నిండా కాలిన మచ్చలు మిగిలిన మనిషి, డామినో బిళ్లలు వదిలేసి లేచి నిలబడి ఉన్నాడు.

"ఏం చేశావే అమ్మాయ్? ఏం మాయ చేశావు? మా పెద్దాయన బీరు తిరిగొచ్చింది!"

"నిజంగానా?"

"ఒట్టు! నేనింక పోయినా ఫరవాలేదు."

"నువ్వు పోతే బల్ల ఖాళీ అవుతుందిరా, పోయి చూపించు" అన్నాడు వెనక నుంచి ఎవరో. నవ్వులు లేచాయి. ఆ గదిలో అలాంటి నవ్వు విని నాలుగు నెలలైంది.

నోరాకి అప్పుడు గుర్తొచ్చింది, పీపా తెరిచాక తను రుచే చూడలేదని. ఒక చిన్న గ్లాసు పట్టుకుంది. నురగ ఎందుకో కొంచెం పలచగా ఉంది. వెలుతురుకి ఎత్తి చూసింది, కెంపు రంగు బాగానే ఉంది. తాగింది.

పొద్దున్న ఏడింటికి తాగిన బీరు కాదది.

మాడు బ్రెడ్డు వాసన ఉంది, కానీ దాని వెనక ఒక చేదు తచ్చాడుతోంది. మైల్డ్‌కి అంత చేదు ఉండదు. ఆ చేదు పక్క పంపులోని బిట్టర్ బీరుది. దాని కింద చప్పదనం, రాత్రంతా మూత లేకుండా ఉన్న గ్లాసు వాసన. అన్నిటికన్నా అడుగున చాలా సన్నగా ఒక పులుపు.

అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే ఆ రుచి ఆమెకి తెలుసు. ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నాన్న వేలు ముంచి నాలుక మీద రాసిన రుచి అది. నాన్న చొక్కా వాసన. ఇదే, సరిగ్గా ఇదే. నాలుగు నెలలుగా బాన ముందు నిలబడి వెతుకుతున్నది ఇదే.

ఆమె చూపు పంపుల కింద ట్రే మీద పడింది. పింటు నింపేటప్పుడు నురగతో పాటు పొంగి కారేదంతా అందులోకే పోతుంది. మైల్డూ బిట్టరూ, పట్టేవాడి వేళ్ల మీదుగా జారిందీ, అన్నీ కలిసి. రోజూ రాత్రి ట్రేలోది బకెట్‌లో వంచి, పొద్దున్నే మోరీలో పారబోయడం ఈ నాలుగు నెలలుగా నోరా పని. ఇవాళ పొద్దున్న ఆ బకెట్ పెరట్లో కనబడలేదు.

ఆ బకెట్ మీదే కదా తడిబట్ట కప్పి ఉంది!

*

బ్యూలా నేలమాళిగలో కుళాయి కింద గరాటు కడుగుతోంది. పక్కన వడగట్టిన కాగితం ఉండలా చుట్టి పడి ఉంది. ఏడో పీపా మీద చెక్క బిరడా చుట్టూ ఇంకా తడిగానే ఉంది.

"అమ్మా."

"తలుపు వేసిరా."

"ఒలికిన బీరు పోశావా నా పీపాలో?"

"తలుపు వేసిరమ్మన్నాను."

నోరా తలుపు వేసింది. మెట్ల మీదే నిలబడింది.

"ఎందుకమ్మా? నా మీద నీకేం కోపం? నలుగురి నోళ్లు తిరిగిన బీరు..."

"నోళ్లు తిరిగింది కాదు. గ్లాసులో మిగిలింది ఏనాడూ పొయ్యలేదు. ట్రేలోది మాత్రమే. ఆయన అంతవరకు నియమంగానే ఉండేవాడు."

ఆయన! ఆ మాట విన్నాక నోరా మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఎప్పటి నుంచి?"

"యుద్ధం అయిపోయిన ఏడాది నుంచి. మాల్టు దొరికేది కాదు. సగం మాల్టుతో కాచిన బీరు నీళ్లలా ఉండేది. ఒక రోజు మీ నాన్న ట్రేలోది వడగట్టి పోశాడు. నల్లటి బీరు కదా, ఏం కలిపినా కనబడదు. ఒక్కసారే అన్నాడు. ఆ సాయంత్రం హొరేస్ వాళ్లంతా ఇంత మంచి మైల్డ్ పుట్టి బుద్ధెరిగి తాగలేదన్నారు."

"మాల్టు దొరికాక ఆపొచ్చు కదా!"

"ఆపాడు. రెండు వారాలు ఆపాడు. గ్లాసులు సగంలో వదిలేసి వెళ్లారు, ఇప్పుడు నీకు చేస్తున్నట్టే. ఐజాక్‌కి ఏమైంది, చెయ్యి తిరగడం లేదా అన్నారు. మళ్లీ మొదలుపెట్టాడు. ఇంక ఆపలేకపోయాడు." బ్యూలా గరాటు గుడ్డతో తుడిచింది. "బకెట్ మోసింది నేనే. నలభై ఏళ్లు. ఈ ఊరు నలభై ఏళ్లు పొగిడింది ఈ బకెట్‌నే."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పమంటావ్? కాలువ అవతల పబ్బువాడు ఇదే పని చేస్తూ దొరికిపోయినప్పుడు బార్ మధ్యలో నిలబడి ఏమన్నావు? గుర్తుందా? అలాంటివాడి చేతులు నరికెయ్యాలి అన్నావు. మీ నాన్న పక్కనే గ్లాసులు తుడుస్తున్నాడు. ఆ రాత్రే నా చేత ఒట్టు వేయించుకున్నాడు. చచ్చేదాకా నోరాకి తెలియకూడదు అన్నాడు. నేలమాళిగ తాళం నీకెప్పుడైనా ఇచ్చాడా ఆయన?"

ఇవ్వలేదు. మంచాన పడేదాకా, పదకొండేళ్లలో ఒక్కసారీ ఇవ్వలేదు. ఆడపిల్లవి, పీపాలు బరువు అనేవాడు. బస్తాల కొద్దీ మాల్టు మోయించేటప్పుడు మాత్రం ఆడపిల్లనని గుర్తుండేది కాదు.

"మరి ఇవాళ ఎందుకు పోశావు?"

బ్యూలా ముఖం మొదటిసారి చెదిరింది. "బాన పట్టుకుపోతారటే. నువ్వు దాని ముందు నిలబడి కాస్తుంటే పెరట్లోకి చూడకుండా ఉండలేను నేను. అది పోతే నువ్వేమైపోతావు? ఆయనకా ఎన్నో రోజులు లేవంటున్నాడు డాక్టరు. ఆయన బీరు ఆయనకిచ్చాను, నీ బాన నీకు దక్కించాను. ఇందులో ఎవరికి నష్టం?"

"నా బీరుకమ్మా" అంది నోరా.

బ్యూలా ఖాళీ బకెట్ గోడవార బోర్లించింది.

పై నుంచి కర్ర చప్పుడు వినబడింది. ఒకటి, రెండు, మూడు. కాసేపాగి మళ్లీ మూడు.

"నిన్నే పిలుస్తున్నాడు" అంది బ్యూలా. గబగబా రెండు మెట్లెక్కి కూతురి మోచెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "నేను చెప్పానని ఆయనకి తెలియకూడదు. ఒట్టు తప్పానని తెలిస్తే ఆ గుండె ఆగిపోతుంది. నీ కాళ్లు పట్టుకుంటానే."

"వదులమ్మా."

*

అడకత్తెరలో పోకచెక్కలా నోరా తండ్రి ముందు నిలబడింది.

ఐజాక్ ఖాళీ గ్లాసు ఇంకా గుండెల మీదే పట్టుకుని ఉన్నాడు. కూతుర్ని దగ్గరికి రమ్మని కళ్లతో పిలిచాడు. మాట కోసం చాలాసేపు పెనుగులాడాడు.

"పోశావా?"

ఆయనకి తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ రుచి ఎక్కణ్ణించి వస్తుందో తెలిసిన నాలుక ఈ ఊళ్లో అదొక్కటే కదా.

లేదు, అమ్మ పోసింది అనడానికి ఒక్క క్షణం చాలు. అప్పుడు నలభై ఏళ్లు బకెట్ మోసిన ముసలామె ఈ చివరి రోజుల్లో భర్త ముందు ఒట్టు తప్పిన మనిషి అవుతుంది. కానీ నోరా నోరు నొక్కింది అదొక్కటే కాదు. ఈ ముసలాయన నోటి నుంచి నాదే అన్న మాట కోసం నాలుగు నెలలు కుక్కలా కాచుకుంది ఆమె. తన గుట్టు కూతురు తనంతట తానే కనిపెట్టిందంటే సంతోషిస్తాడనుకుంది.

"పోశాను నాన్నా" అంది. "నేనే. ఎవరూ చెప్పలేదు. నాకు నేనే తెలుసుకున్నాను."

నవ్వుతాడని చూసింది.

ఐజాక్ నవ్వలేదు. ఆయన కన్ను కూతురి ముఖం మీద చాలాసేపు ఉండిపోయింది. కన్నబిడ్డ ఎక్కడో తప్పిపోతే వెతుకుతున్నట్టు వెతికాడు. తరవాత గ్లాసు ఆమె వైపు నెట్టాడు. అది దుప్పటి మీద దొర్లి మంచం అంచున ఆగింది.

"ఆరూ..." అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"ఆరూ మంచివే." ఊపిరి తీసుకున్నాడు. "నీవి."

అప్పటికి గాని నోరాకి అర్థం కాలేదు. మంచిదే, నాది కాదు. ఆరుసార్లు ఆ మనిషి సగం నోటితో అన్నది ఫిర్యాదు కాదు. నలభై ఏళ్ల పాపం నాతోనే ఆగిపోయింది, నా కూతురు నిజాయితీగా కాస్తోంది అని ఆరుసార్లు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకున్న తృప్తి అది. ఆరుసార్లు ఆమె ఆ గది నుంచి ఏడుస్తూ బయటికి వెళ్లింది.

"నాన్నా, కాదు నాన్నా, నేను కాదు..."

ఆయన ముఖం గోడ వైపు తిప్పేసుకున్నాడు.

"నాన్నా, నా మాట విను! నేను పొయ్యలేదు, ఒట్టు. అమ్మ..."

ఆ మాట దగ్గర ఆగిపోయింది. గుమ్మంలో బ్యూలా నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. మోచేతుల దాకా ఇంకా తడి ఆరలేదు.

ఐజాక్ ఎడమ చెయ్యి దుప్పటి కింద నుంచి వచ్చి తడుముకుంటూ చెవి మీద పడింది. ఇంకేం వినదలుచుకోలేదన్నట్టు అక్కడే ఉండిపోయింది.

"నోరా!" కింద నుంచి హొరేస్ అరిచాడు. "పెద్దాయనకి చెప్పవే, ఆయన ఆరోగ్యం కోసం బార్ అంతా లేచి నిలబడిందని! ఇంకో వరస పట్టు, గ్లాసులు ఖాళీ!"

పీపాలో ఇంకా యాభై పింట్ల పైనే ఉంది.